నిద్రలో ఊపిరికి కావలి ఎవరు?

కర్నూలును ఆనుకొనియున్న కల్లూరు నేడు ఆ నగరములోనే కలిసిపోయినది. అయినను వేసవి వచ్చినదనగా, రాత్రులందు మిద్దెమీదనో వాకిట నులకమంచముమీదనో పడుకొనువారు అక్కడ ఇంకను ఉన్నారు. అట్టి ఒక రాత్రిని ఊహింపుడు. గాలి ఆడుట లేదు. ఊరు సద్దుమణిగినది. తాత గాఢనిద్రలో ఉన్నాడు. పక్కన పడుకొన్న మనుమనికి తాత ఊపిరి వినబడుచున్నది. మొదట అది మెల్లగా ఉన్నది; క్రమముగా పెద్దదైనది; పరుగెత్తి వచ్చినవాని ఊపిరివలె ఎగసినది; మరల తగ్గినది; తగ్గి తగ్గి ఆగిపోయినది. గురక లేదు. గొంతులో అడ్డు ఉన్న జాడ లేదు. రొమ్ము కదలుట లేదు. పిల్లవాడు మనసులో అంకెలు లెక్కపెట్టుచున్నాడు. పది, పదునైదు, ఇరువది.

"అవ్వా, తాతకు ఊపిరి ఆడల్యా!"

"ఉండు నాయనా, వస్తాది. నాలుగు నెలలనుంచి ఇట్లే."

అంతలో తాత ఊపిరి మరల అందుకొనును.

అవ్వకు ఇది అలవాటైనది. పిల్లవానికి మాత్రము ఒక ప్రశ్న మిగిలినది. గొంతు తెరచియే ఉన్నది, గాలి చుట్టును ఉన్నది, ఊపిరితిత్తులు ఉన్నవి. అయినను ఊపిరి ఏల ఆగినది? ఆగినది మరల ఎవరు పిలిచినందున వచ్చినది?

ఇట్లు నిద్రలో ఊపిరి పదేపదే ఆగుటను వైద్యులు 'స్లీప్ ఏప్నియా' అందురు. ఇది రెండు విధములు. మొదటిదానిలో మెదడు ఊపిరి తీయుమని ఆజ్ఞాపించును, రొమ్ము కండరములు పెనుగులాడును, కాని గొంతులోని మెత్తని భాగములు కూలి గాలిదారిని మూయును. పెద్ద గురకపెట్టువారిలో ఎక్కువగా కనబడునది ఇదియే. రెండవదానిలో దారి తెరచియే ఉండును, కాని ఆజ్ఞయే రాదు. లోపము మెదడులోని శ్వాసకేంద్రపు ఏర్పాటులో ఉండుటచేత దీనిని 'సెంట్రల్', అనగా కేంద్రీయ ఏప్నియా అందురు. పెద్దవారిలో పది సెకండ్లుగాని అంతకు మించిగాని ఊపిరి ఆగినచో దానిని ఏప్నియాగా లెక్కింతురు.

ఊపిరికి ఆజ్ఞ ఎచటినుండి వచ్చును, అది ఎప్పుడు తప్పును అను విషయము తెలిసికొనుటకు మానవునికి రెండువందల ఏండ్లు పట్టినది. ఆ కథలో ఒక ముఖ్యఘట్టము మన హైదరాబాదు నగరమున జరిగినది. అచటి శాస్త్రజ్ఞులు సగము సత్యము కనుగొనిరి, సగము పొరబడిరి. ఆ రెండును మనకు పాఠములే.

గుండెకు తాళము తనలోనే, ఊపిరికి కాదు

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము చదివినవారికి ఒక సంగతి తెలిసియుండును. కప్ప గుండెను శరీరమునుండి వేరుచేసి తగిన ఉప్పునీటిలో ఉంచినను అది కొంతసేపు కొట్టుకొనుచుండును. గుండెకు తన తాళము తనలోనే కలదు. ఊపిరితిత్తులకు అట్టి శక్తి లేదు. అవి తమంత తాము విచ్చుకొనలేని సంచులు. ఉదరవితానము క్రిందికి దిగి, ప్రక్కటెముకలు పైకి లేచినప్పుడే గాలి లోనికి వచ్చును. ఈ కండరములు నాడుల ఆజ్ఞ లేనిదే కదలవు.

ఆ ఆజ్ఞ మెదడులో ఏ చోటినుండి వచ్చుచున్నదో వెదకినవాడు ఫ్రాన్సు దేశీయుడైన లెగల్లువా. ఆయన కుందేలు మెదడును పైనుండి పొరలు పొరలుగా తీసివేయుచు పోయెను. పెద్దమెదడు పోయినను ఊపిరి ఆడెను. చిన్నమెదడు పోయినను ఆడెను. కాని వెన్నుపాముపై నున్న మజ్జాముఖములో ఒక చిన్నభాగమును కోసినంతనే ఊపిరి ఆగిపోయెను. ఈ సంగతిని ఆయన 1812లో ప్రకటించెను. తరువాత ఆ దేశమువాడే యగు ఫ్లూరాన్సు ఆ చోటును మరింత సన్నముగా గుర్తించి దానికి 'ప్రాణగ్రంథి' అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

కేంద్రమెచట నున్నదో తెలిసినది. అది ఎట్లు తప్పునో ఇంకను తెలియలేదు.

డబ్లిన్ నగరములో ఇద్దరు వైద్యులు

1818లో డబ్లిన్ నగరమున జాన్ చేయిన్ అను వైద్యుడు అరువదేండ్ల రోగిని ఒకనిని గూర్చి వ్రాసెను. ఆ రోగికి ఊపిరి కొన్ని సెకండ్లపాటు పూర్తిగా ఆగును. పిమ్మట కనబడీ కనబడని శ్వాసతో మొదలై, క్రమముగా పెరిగి, ఎగబోసి, మరల క్రమముగా తగ్గి ఆగును. ఒక్కొక్క చుట్టు సుమారు ఒక నిమిషము. 1854లో ఆ నగరమునకే చెందిన విలియం స్టోక్సు, గుండెజబ్బులపై వ్రాసిన గ్రంథములో, ఈ లక్షణమును బలహీనమైన గుండెతో ముడిపెట్టెను. నాటినుండి దీనికి 'చేయిన్-స్టోక్సు శ్వాస' అను పేరు స్థిరపడెను. మన కల్లూరు తాత ఊపిరి సరిగా ఇట్టిదే.

గుండె బలహీనపడినచో ఊపిరి ఏల ఆగవలెను? ఆ కాలపువారికి ఇది చిక్కుముడిగనే ఉండెను. గుండెకును ఊపిరికిని గల ఈ సంబంధమే కొంతకాలమునకు క్లోరోఫారము రూపమున హైదరాబాదులో పెద్ద వివాదమై కూర్చుండెను.

తుంగభద్రకు ఆవల ఒక పరిశోధన

ఆ రోజులలో కర్నూలు మద్రాసు రాజధానిలోనిది. తుంగభద్ర దాటినంతనే నిజాం రాజ్యము. ఆ రాజ్యపు ముఖ్యనగరమైన హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా 1885లో ఎడ్వర్డు లారీ వచ్చెను. అచటి వైద్యపాఠశాలకు ఆయనయే అధిపతి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆయన వేలకొలది రోగులకు క్లోరోఫారము ఇప్పించి శస్త్రచికిత్సలు చేసెను.

క్లోరోఫారము అప్పటికి కొత్తది కాదు. 1847లో ఎడింబరోలో జేమ్సు సింప్సన్ దానిని వాడుకలోనికి తెచ్చెను. వెనువెంటనే దాని చీకటిపార్శ్వమును బయటపడెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము ఇయ్యగా, ఆమె కొద్ది నిమిషములలోనే మరణించెను. అట్టి మరణములు మరికొన్ని జరిగెను. ముందు ఆగునది గుండెయా, ఊపిరియా? ఈ ప్రశ్నపై వైద్యులు రెండు పక్షములైరి. లండను వారిలో పలువురు, గుండె ఆగుటయే ప్రమాదమనిరి. కావున నాడిపై వ్రేలుంచి చూడవలెననిరి. ఎడింబరో వారు, ఊపిరిని కనిపెట్టియుండుటయే ముఖ్యమనిరి. లారీ ఎడింబరోలో సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని శిష్యుడు. నాడిని చూడనక్కరలేదు, ఊపిరిని చూడుడు అని ఆయన తన విద్యార్థులకు బోధించెడివాడు.

ఈ మాటను రుజువుచేయుటకు 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను ఏర్పడి కుక్కలపై ప్రయోగములు చేసెను. అన్ని సందర్భములందును ముందు ఊపిరి, పిమ్మట గుండె ఆగెనని అది తేల్చెను. లండనులోని 'లాన్సెట్' వైద్యపత్రిక ఈ ఫలితమును నమ్మలేదు. అంతట లారీ, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వమును ఒప్పించి, ఆ పత్రిక తనకు నచ్చిన శాస్త్రజ్ఞుని పంపుకొనుటకు వేయి పౌనులు ఇప్పించెను. పత్రిక లాడర్ బ్రంటన్ అను పేరుమోసిన ఔషధశాస్త్రజ్ఞుని పంపెను. 1889 చివరి నెలలలో రెండవ కమిషను పని జరిగెను. నాలుగువందలకు పైగా జంతువులపై ప్రయోగములు చేసి, పలుమారులు రక్తపుపోటును యంత్రముతో గీయించి దాచిరి. ఈ కమిషను పనిలో తోడ్పడినవారిలో హైదరాబాదు వైద్యపాఠశాల విద్యార్థిని రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. ప్రపంచమున మత్తువైద్యము చేపట్టిన తొలి మహిళలలో ఆమెను ఒకరుగా చెప్పుదురు.

గుండెపక్షమునకు మొగ్గుచూపుచు వచ్చిన బ్రంటన్, ప్రయోగములు చూచినపిమ్మట లారీ పక్షమునకు మారెను. నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడెను. క్లోరోఫారము మోతాదు మించినప్పుడు మొదట మజ్జాముఖములోని శ్వాసకేంద్రము మొద్దుబారును, ఊపిరి ఆగును, తక్షణము కృత్రిమశ్వాస ఇచ్చినచో ప్రాణము నిలుచును, ఆలస్యమైనచో గుండెయు ఆగును. ఇది దాని సారాంశము.

ఈ మాటలో ఒక గొప్ప సత్యము కలదు. గొంతు తెరచియున్నను, ఊపిరితిత్తులు బాగుగనే ఉన్నను, ఆజ్ఞ ఇచ్చు కేంద్రము మొద్దుబారినచో ఊపిరి ఆగును. కేంద్రీయ ఏప్నియా యొక్క మూలసూత్రము ఇదియే.

పొరపాటు ఎచట జరిగినది? 'ఎల్లప్పుడు ఊపిరియే ముందు' అని కమిషను ఖండితముగా చెప్పినచోట. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు క్లోరోఫారము గుండెను నేరుగా కూడ దెబ్బతీయునని చూపిరి. 1911లో గుడ్‌మన్ లెవీ మరియొక సంగతి బయటపెట్టెను. మత్తు తేలికగా ఉన్న స్థితిలో, భయమువలనగాని ఉద్రేకమువలనగాని పుట్టు ఆడ్రినలిన్ తోడైనచో, పిల్లుల గుండె లయతప్పి గిలగిలలాడి హఠాత్తుగా ఆగిపోవుచున్నది. నాడిని పట్టించుకొననక్కరలేదన్న లారీ బోధ ఇట్లు ప్రమాదకరమని తేలెను. క్లోరోఫారమే క్రమముగా వైద్యమునుండి తప్పుకొనెను. నేటి శస్త్రచికిత్సాలయములో గుండెను, ఊపిరిని రెండింటిని యంత్రములు కనిపెట్టియుండును. రోగి వదలు ప్రతి ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఎంత ఉన్నదో కొలుచు యంత్రము వానిలో ఒకటి.

బొగ్గుపులుసు వాయువునే ఏల కొలువవలెను? దీనికి సమాధానము 1905లో దొరకినది.

ఊపిరి తీయించునది కొరత కాదు, మిగులు

ఊపిరి తీయుట ప్రాణవాయువు కొరకే కావున, ప్రాణవాయువు తగ్గినప్పుడే మెదడు ఊపిరికి ఆజ్ఞ ఇచ్చునని ఎవరికైనను తోచును. ఆక్స్‌ఫర్డులో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. గాఢముగా వదలిన ఊపిరిలోని చివరిభాగమును పట్టి, ఊపిరితిత్తుల లోతులోని గాలిని వారు కొలిచిరి. బెన్ నెవిస్ కొండశిఖరముపైనను, కార్న్‌వాల్‌లోని లోతైన డోల్కోత్ గని అడుగునను కొలిచిరి. గాలి ఒత్తిడి మారినది, ప్రాణవాయువు మారినది. కాని ఊపిరితిత్తులలోని బొగ్గుపులుసు వాయువు ఒత్తిడి ఇంచుమించు మారలేదు. అది పాదరసపు కొలతలో సుమారు 40 మిల్లీమీటర్లు. ఆ వాయువు వాతావరణపు ఒత్తిడిలో నూటికి 0.2 వంతు పెరిగినను చాలు, ఊపిరితిత్తులలోనికి చేరు గాలి రెండింతలగును.

అనగా సాధారణ పరిస్థితులలో శ్వాసకేంద్రము ప్రాణవాయువు కొరతను చూచుట లేదు. బొగ్గుపులుసు వాయువు మిగులును చూచుచున్నది. పొయ్యిలో నిప్పు ఎంత ఉన్నదో పొగను చూచి గ్రహించు ఇల్లాలివలె, మెదడు శరీరపు మంటను దాని పొగచేత తెలిసికొనును.

1909లో హాల్డేన్, డగ్లస్ మరియొక అడుగు ముందుకు వేసిరి. రెండు నిమిషములపాటు బలవంతముగా గట్టిగట్టిగా ఊపిరి తీసి బొగ్గుపులుసు వాయువును కడిగివేసినచో ఏమగును? వారికి ఊపిరి తీయవలెనను కోరికయే పుట్టక శ్వాస చాలసేపు ఆగెను. తరువాత అది ఒకేసారి సరిపడలేదు. కొంచెము ఆడి, ఆగి, ఆడి, ఆగి, చేయిన్-స్టోక్సు రోగి ఊపిరివలె నడచెను. ఆరోగ్యవంతునిలోనే ఆ రోగలక్షణమును వారు సృష్టించి చూపిరి.

ఇచట విద్యార్థులకు ఒక హెచ్చరిక. బావిలోనో కె.సి. కాలువలోనో ఎక్కువసేపు మునిగియుండుటకై కొందరు పిల్లలు ముందుగా గబగబ ఊపిరి తీయుదురు. దానివలన ప్రాణవాయువు పెద్దగా పెరుగదు. పొగ మాత్రము పోవును. పొగ లేనందున 'పైకి రా' అను హెచ్చరిక మెదడునుండి రాదు. ఈలోగా ప్రాణవాయువు అయిపోయి, నీటిలోనే స్పృహ తప్పును. ఇట్లు మంచి ఈతగాండ్రే మునిగిపోయినారు. ఈ ప్రయోగము ఎవరును చేయరాదు.

మెలకువ అను రెండవ కావలి

హాల్డేన్ సూత్రములో ఒక లోటు మిగిలెను. మెలకువగా ఉన్నవారిలో పలువురు గట్టిగా ఊపిరి తీసినపిమ్మట కూడ శ్వాసను ఆపరు. బొగ్గుపులుసు వాయువు తగ్గినను ఊపిరి సాగుచునే ఉండును. ఏల? 1961లో రేమండ్ ఫింక్ అను మత్తువైద్యుడు దీనిని పోల్చిచూపెను. మెలకువగా ఉన్నవారు అట్టి స్థితిలో ఊపిరి సాగింతురు; మత్తులో ఉన్నవారు ఆపుదురు. కావున మెలకువ అనునదే శ్వాసకు ఒక ప్రేరణ. వెలుతురు, చప్పుడు, ఆలోచన, మాట, ఇవన్నియు మెదడును కదలించుచు శ్వాసకేంద్రమును కూడ తట్టిలేపుచుండును.

మెలకువలో ఊపిరికి ఇద్దరు కావలివారు ఉన్నారన్నమాట. ఒకరు మెలకువ, మరియొకరు బొగ్గుపులుసు వాయువు. నిద్ర రాగానే మొదటివాడు ఇంటికి పోవును. రాత్రంతయు రెండవవాడు ఒంటరిగా కాపు కాయవలెను. వాడు నిద్రించినను, పొరబడినను, వానికి వార్త ఆలస్యముగా అందినను, ఊపిరి ఆగును.

రెండవ కావలి పూర్తిగా లేకున్నచో ఏమగునో 1962లో తెలిసినది. సెవరింగ్‌హౌస్, మిచెల్ అను అమెరికా వైద్యులు ముగ్గురు రోగులను వర్ణించిరి. మెదడు కాండముపైగాని వెన్నుపాము పైభాగముపైగాని శస్త్రచికిత్స జరిగినవారు వారు. మెలకువలో ఊపిరి తీయుమన్నచో తీయుదురు; నిద్రపోయినచో ఆపివేయుదురు. ఐరోపా కథలలోని ఒండీన్ అను జలకన్య పేరు ఈ స్థితికి పెట్టిరి. పుట్టుకతోనే ఇట్టి లోపము గల శిశువులును ఉన్నారు. వారిలో ఎక్కువమందికి 'ఫాక్స్ టూ బి' అను జన్యువు దెబ్బతినియున్నదని 2003లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ పిల్లలు నిద్రించినప్పుడెల్ల ఊపిరియంత్రపు సహాయము కావలెను. పగలు మనవలెనే ఆడుకొందురు, పాఠశాలకు పోదురు.

నిద్రలో బొగ్గుపులుసు వాయువు మెలకువలో కన్న కొన్ని మిల్లీమీటర్లు పెరుగుట సహజము. ఆ పెరిగిన మట్టమే రాత్రి ఊపిరిని నడపును. 1983లో అమెరికాలో స్కాట్రడ్, డెంప్సీ అనువారు నిద్రించువారిలో ఆ మట్టమును కొద్దిగా తగ్గించి చూచిరి. మూడు నాలుగు మిల్లీమీటర్లు తగ్గినంతనే ఊపిరి ఆగెను. అనగా నిద్రలో ఊపిరికిని ఊపిరిలేమికిని నడుమ గల గట్టు చాల సన్ననిది.

సుంకేసుల తూము

ఇక కల్లూరు తాతవద్దకు మరలి వత్తము. ఆయన ఊపిరి అలలవలె ఏల పెరిగి తరుగుచున్నది? దీనిని మన కె.సి. కాలువ పోలికతో తెలిసికొనవచ్చును.

ఈ కాలువ కర్నూలుకు ఎగువనున్న సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరి సుమారు 300 కిలోమీటర్లు పారి కడపకు చేరును. తంతి, టెలిఫోను ఏవియు లేవనుకొందము. దిగువ రైతులు నీరు చాలలేదని ఒక మనిషిని నడిపించి సుంకేసులకు పంపిరి. వాడు పోవుసరికి చాల దినములు పట్టెను. తూముకాడి కావలివాడు వార్త విని తలుపులు పూర్తిగా ఎత్తెను. నీరు పొంగి పొలములు మునిగెను. 'చాలును, మూయుము' అని మరియొకనిని పంపిరి. వాడు చేరునంతవరకు నీరు పారుచునే ఉండెను. వార్త అందగానే కావలివాడు పూర్తిగా మూసెను. మరల పొలములు ఎండెను. ఇట్లు ఒకసారి వరద, ఒకసారి కరవు. కాలువ మంచిదే, కావలివాడు సోమరి కాడు. వార్త ఆలస్యమగుటయు, కావలివాడు అతిగా స్పందించుటయు దోషములు.

శరీరములో పొలము ఊపిరితిత్తులు, కావలివాడు మెదడు, వార్త మోయునది రక్తము. ఆ వార్తాహరుని కాళ్లు గుండె. గుండె బలహీనపడినచో ఊపిరితిత్తుల వార్త మెదడుకు ఆలస్యముగా చేరును. అంతేకాక, గుండె బలహీనమైనవారి ఊపిరితిత్తులలో నెమ్ము చేరి శ్వాసను పురికొల్పును. అందుచేత వారి బొగ్గుపులుసు వాయువు మట్టము ముందే తగ్గి, ఆ సన్నని గట్టునకు చేరువలో ఉండును. మెదడు ఎక్కువ ఊపిరి తీయించును, వాయువు గట్టునకు క్రిందికి జారును, ఊపిరి ఆగును. వాయువు పేరుకొనును, వార్త ఆలస్యముగా అందును, మెదడు మరల అతిగా ఊపిరి తీయించును. స్టోక్సు 1854లో చూచిన చిక్కుముడి ఇట్లు విడిపోయినది.

హైదరాబాదు వివాదము కూడ ఇచటనే సమసినది. గుండెయా, ఊపిరియా అని ఇరుపక్షములవారు వాదించిరి. చేయిన్-స్టోక్సు శ్వాసలో గుండె జబ్బే ఊపిరిని ఆపుచున్నది. ఆగిన ఊపిరి మరల గుండెకు భారమగుచున్నది. ఒకదానిని విడిచి రెండవదానిని చూచుటయే తప్పు.

ఎత్తైన కొండలపై ఆరోగ్యవంతులకు సైతము ఇట్లు జరుగును. 1890లలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మోస్సో, మోంటె రోసా పర్వతముపై 4,559 మీటర్ల ఎత్తుననున్న కుటీరములో నిద్రించువారి ఊపిరి అలలుగా ఆడి ఆగుటను చూచెను. దీనికి కారణము కంఠధమని ప్రక్కనున్న ఒక చిన్న అవయవము. అది కర్నూలు సోనా బియ్యపు గింజంత ఉండును. రక్తములో ప్రాణవాయువు తగ్గినచో మెదడుకు తెలుపుట దాని పని. ఈ రంగములో చేసిన కృషికి బెల్జియం శాస్త్రజ్ఞుడు కార్నీల్ హేమన్సుకు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించెను. కొండపై ప్రాణవాయువు కొరతచే ఈ గింజ మెదడును అతిగా తొందరపెట్టును. బొగ్గుపులుసు వాయువు కడిగివేయబడును. నిద్రలో ఊపిరి ఆగును. లడాఖ్ వంటి చోట్లకు పోయినవారిలో కొందరు తొలి రాత్రులందు ఉలికిపడి లేచుట ఇందువలననే.

నేటి పరిశోధనలు

లెగల్లువా చూపిన చోటులో ఊపిరి తాళమును పుట్టించు కణములు సరిగా ఎచట నున్నవో 1991లో ఫెల్డ్‌మన్, స్మిత్ మున్నగువారు ఎలుకలలో గుర్తించిరి. 'ప్రీ-బోట్జింగర్' అని దానికి పేరు. నల్లమందు జాతి ఔషధములు ఈ కణములను మొద్దుబార్చును. తీవ్రమైన నొప్పులకు మార్ఫీను వంటి మందులు వాడువారికి నిద్రలో ఊపిరి ఆగు ప్రమాదము కలుగుట ఇందుచేతనే. పూర్వము ఏడ్చు పసిపిల్లలకు నల్లమందు నాకించెడి అలవాటు కొన్ని ఇండ్లలో ఉండెడిది. అది ఎంతటి ప్రాణాంతకమో ఇపుడు స్పష్టము.

నెలలు నిండక పుట్టిన శిశువులలో శ్వాసకేంద్రము ఇంకను పరిపక్వము కాదు. వారి ఊపిరి తరచు ఆగును. అరికాలు మెల్లగా తట్టినచో మరల తీయుదురు. 1970ల నుండి కాఫీలోని కెఫీను అను పదార్థమును మందుగా ఇచ్చి వైద్యులు ఆ కేంద్రమును మేల్కొలుపుచున్నారు. దాని మోతాదు వైద్యునిచేతనే నిర్ణయింపబడవలెను. ఇంటి కాఫీ అందుకు పనికిరాదు.

కంఠధమనివద్ద నున్న ఆ గింజపై చికాగో విశ్వవిద్యాలయములో పరిశోధించుచున్నవారిలో తెలుగువారికి సుపరిచితమైన ఇంటిపేరు గల నందూరి ప్రభాకర్ ఒకరు. ఆ గింజలోని కణములు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువులను అతిస్వల్పముగా తయారుచేసికొని సంకేతములుగా వాడుకొనునని ఆయన బృందము చూపెను. మొదటి వాయువును తయారుచేయు జన్యువు లేని చుంచెలుకలకు నిద్రలో ఊపిరి ఆగుచుండెను. రెండవ వాయువును తగ్గించు మందు ఇయ్యగా ఆ ఆగుట తగ్గెను. ఈ ఫలితములు 2017లో వెలువడినవి. ఇది ఇంకను జంతువులలోని సంగతియే.

చికిత్సలో కూడ హైదరాబాదు వంటి పాఠము ఒకటి ఇటీవల ఎదురైనది. ఊపిరి తగ్గినప్పుడు గాలిని అందించి అలలను సమముచేయు ఒక యంత్రము తయారైనది. గుండె బలహీనమై కేంద్రీయ ఏప్నియా గల 1,325 మందిపై దానిని పరీక్షించిరి. ఊపిరి చక్కబడెను. కాని 2015లో ఫలితములు చూడగా, యంత్రము వాడినవారిలో గుండెజబ్బు మరణములు తగ్గకపోగా పెరిగినవి. ఊపిరిని మాత్రమే సరిచేసినంతమాత్రమున గుండె బాగుపడదని, ముందు గుండెకు వైద్యము చేయవలెనని దీనివలన తేలెను. 1890లో ఊపిరియే సర్వమన్నవారి తప్పు నూటయిరువదియైదేండ్ల పిమ్మట మరియొక రూపమున కనబడెను.

పిల్లవాని లెక్క

నిద్రపట్టు సమయమున ఒకటి రెండుసార్లు ఊపిరి క్షణకాలము ఆగుట ఆరోగ్యవంతులలోను కలదు. దానికి భయపడనక్కరలేదు. కాని పెద్దవారిలో రాత్రి పొడుగునను ఊపిరి పెరిగి, తగ్గి, పది సెకండ్లకు మించి ఆగుచున్నచో, పగలు నిద్రమత్తు, ఆయాసము, కాళ్లవాపు వంటివి తోడైనచో, 'వయసైనది కదా' అని ఊరకుండరాదు. అది బలహీనమైన గుండె పంపు తొలి వార్త కావచ్చును. పక్షవాతము వచ్చినవారిలోను, మూత్రపిండములు చెడినవారిలోను ఇది కనబడవచ్చును. రోగికి తన ఊపిరి ఆగుచున్నట్లు తెలియదు. ప్రక్కన పడుకొన్నవారు చెప్పినగాని వైద్యునికి తెలియదు.

కర్నూలులో 1956లోనే వైద్యకళాశాల ఏర్పడినది. కల్లూరువారికి పెద్దాసుపత్రి దూరము కాదు. కావలసినదెల్ల చూచినదానిని చెప్పుటయే. ఊపిరి ఎన్ని సెకండ్లు ఆగెను, గంటకు ఎన్నిసార్లు ఆగెను, గురక ఉన్నదా లేదా అని ఒక కాగితముపై వ్రాసికొని పోయినచో వైద్యునికి సగము దారి దొరకును. ఉపాధ్యాయులు తమ తరగతిలో శ్వాసక్రియ పాఠము చెప్పునపుడు ఈ మాట కూడ చెప్పినచో మేలు.

ఊపిరిని చూడుడన్న హైదరాబాదు మాట నేటికిని మంచిదే. దానికి చేర్చవలసినది ఒక్కటి: ఊపిరి ఆగినచో గుండె సంగతియు విచారింపుడు. ఆ రాత్రి మిద్దెమీద పిల్లవాడు లెక్కపెట్టిన ఇరువది అంకెలు నిద్రచెడిన పిల్లవాని ఆట కావు. తాతను ఉదయముననే ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అవి చాలినంత కారణము.